ఒక పేరులో రెండు రంగులు

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునేవాణ్ణి మనవాళ్ళు అమాయకుడన్నారు. మాట చిన్నదే గాని, జంతుశాస్త్ర చరిత్ర తిరగేస్తే ఆ అమాయకుల జాబితాలో మహామహులే కనిపిస్తారు. రంగు వేరుగా ఉంది కాబట్టి ప్రాణి వేరన్నారు కొందరు. రంగు కలిసింది కాబట్టి ప్రాణి ఒకటేనన్నారు మరికొందరు. ఇద్దరూ దెబ్బ తిన్నారు. ఇందుకు నేను పిలవదలచిన సాక్షి, న్యూటు అనే జానెడైనా లేని ఒక నీటి జంతువు.

న్యూటు మన తెలుగునేల మీద లేదు. అందుకే దానికి మనం పేరూ పెట్టుకోలేదు. చూపుకు బల్లిలా ఉంటుంది. నాలుగు కాళ్ళు, పొడుగాటి తోక. కాని బల్లికుండే పొలుసులు దీనికుండవు, వేళ్ళకు గోళ్ళుండవు. నిజానికిది కప్పకు చుట్టం. కప్పలాగే నీళ్ళలో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. కప్ప పెద్దదవుతూ తోక పోగొట్టుకుంటుంది, ఇది చివరిదాకా తోకను కాపాడుకుంటుంది. 1758లో స్వీడన్ పండితుడు లినేయస్ అంతటివాడే తన జంతువుల పట్టికలో న్యూటును బల్లుల పద్దులో రాసేశాడంటే, ఇక మామూలు మనుషుల సంగతి చెప్పాలా!

ఇంతకీ ఈ న్యూటు గొడవ నాకెందుకు పట్టిందంటే, మా మేనకోడలి కాపురం న్యూజెర్సీలో. వాళ్ళ పెరట్లో చిన్న నీటిగుంట ఒకటి, దాన్ని ఆనుకుని చెట్లతోపూ ఉన్నాయి. దాని కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆ మధ్య ఫోన్ చేసి, “తాతయ్యా, గుంటలో ఉన్నవన్నీ పాచిరంగువి. వాన పడ్డాక చెట్ల కింద ఆకుల్లో ఒక ఎర్రది కనబడింది. రెంటికీ వీపు మీద ఎర్రచుక్కలున్నాయి. ఇవి రెండు రకాలా, ఒకటేనా?” అని అడిగాడు. వాడడిగిన ప్రశ్నకు అమెరికా పండితులు జవాబు తేల్చుకోవడానికి డెబ్భై ఏళ్ళు పైన పట్టింది. ఆ డెబ్భై ఏళ్ళ కథ ఇది.

ముందు పేరు సంగతి చెప్పాలి. పాత ఇంగ్లీషులో ఈ జంతువును ‘ఎఫెటా’ అనేవారు. అది నలిగి నలిగి ఒకచోట ‘ఎఫ్ట్’ అయింది, మరోచోట ‘ఎవ్ట్’ అయింది. ఇంగ్లీషులో అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు ‘ఆన్’ చేర్చాలి గదా, ‘ఆన్ ఎవ్ట్’ అనీ అనీ జనం నోట్లో ఆ నకారం ఎగిరి ఇవతలి మాటకు అతుక్కుంది. ‘ఏ న్యూట్’ అయి కూచుంది. అనగా ఎఫ్ట్, న్యూటు అనేవి రెండూ ఒకే మాటకు పుట్టిన పిల్లలు. అమెరికాకు వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళు నీళ్ళలోని పాచిరంగు దాన్ని న్యూటన్నారు, అడవిలో తిరిగే ఎర్రదాన్ని ఎర్ర ఎఫ్ట్ అన్నారు. ఒకే మాట రెండుగా చీలినట్టే, ఒకే ప్రాణి కూడా రెండుగా చీలిపోయింది.

ఆ చీలికకు శాస్త్రపు ముద్ర వేసినవాడు రాఫినెస్క్ మహాశయుడు. ఈయన 1783లో కాన్‌స్టాంటినోపుల్ నగరంలో పుట్టాడు. చెట్టు కనబడితే పేరు, చేప కనబడితే పేరు, నత్తగుల్ల కనబడితే పేరు. మొక్కలకే వేలకొద్దీ పేర్లు పెట్టాడు. కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ అనే ఊళ్ళోని ట్రాన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉండేవాడు. ఆయన హడావిడి ఎంతటిదో తెలియాలంటే పక్షుల బొమ్మలు గీసిన ఆడుబాన్ రాసుకున్న ముచ్చట వినాలి. 1818లో రాఫినెస్క్ ఆయనింటికి అతిథిగా వెళ్ళాడు. రాత్రి గదిలోకి గబ్బిలాలొచ్చాయి. అవి కొత్తరకమనిపించి, అతిథిగారు ఒంటిమీద బట్టయినా లేకుండా లేచి, ఆడుబాన్ ఇష్టంగా దాచుకున్న వయొలిన్ పుచ్చుకుని వాటిని కొట్టబోయి వాయిద్యాన్ని తుక్కు చేశాడట. ఆడుబాన్ తక్కువ తిన్నాడా? ఓహయో నదిలో లేని చేపల్ని ఊహించి చెప్పాడు. అందులో ఒకదాని పొలుసులకు తుపాకీ గుండు కూడా దిగదన్నాడు. పాపం, రాఫినెస్క్ అదంతా నమ్మి 1820లో పుస్తకంలో అచ్చు వేశాడు!

సరిగ్గా ఆ 1820లోనే ఆయన మన న్యూటుకు కూడా పేరు పెట్టాడు. ఒకటి కాదు, రెండు. నీళ్ళలోని పాచిరంగు దానికి ‘విరిడెసెన్స్’ అన్నాడు. లాటిన్‌లో ఆ మాటకు పచ్చబడుతున్నది అని అర్థం. అడవిలోని ఎర్రదానికి ‘మినియేటస్’ అన్నాడు. మినియం అంటే ఎర్ర సీసం, మన సిందూరం. అంటే సిందూరం పూసుకున్నది అన్నమాట. అంతటితో ఊరుకోక, ఇవి రెండూ ఒక ఇంటి బిడ్డలు కూడా కావన్నట్టు వేరువేరు ఉపజాతుల్లో పెట్టాడు. పచ్చదాన్ని ‘డైమిక్టిలస్’ అన్నాడు. ఎర్రదాన్ని ‘నోటాఫ్తాల్మస్’ అన్నాడు, వీపున కళ్ళున్నది అని అర్థం. ఎర్రదాని వీపు మీద నల్లటి అంచు కట్టిన ఎర్రచుక్కలు కళ్ళలా కనిపిస్తాయి మరి.

లేని చేపలకు పేర్లిచ్చి, ఉన్న ఒక్క న్యూటును రెండు చేసిన మనిషి అని నవ్వడం తేలిక. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆయన స్థానంలో మనమున్నా అంతే చేసేవాళ్ళం. తొలకరి పడ్డాక మన చేలగట్ల మీద ఎర్రమఖమల్ తొడుక్కుని ఆరుద్ర పురుగులు తిరుగుతాయే, అలాగే తూర్పు అమెరికా అడవుల్లో వాన వెలిశాక ఎఫ్ట్‌లు ఆకుల మీదికొచ్చి నింపాదిగా నడుస్తాయి. నారింజ, ఎరుపు కలిసిన రంగు. ముట్టుకుంటే చర్మం గరుకుగా, పొడిగా ఉంటుంది. తోక గుండ్రం. ఈత మీద సరదా లేదు. గుంటలోని న్యూటు చూస్తే పాచిరంగు, పొట్ట పసుపు, చర్మం నున్నన, తోక చేప రెక్కలా పలచన. రంగే కాదు, ఒంటి తీరూ నివాసమూ కూడా వేరే. ఒకటని ఎవరనుకుంటారు?

ఆపైన ఆ రోజుల్లో పండితులు జంతువుల్ని చూసేది ఎక్కువగా సీసాల్లో. స్పిరిట్‌లో పడ్డ ప్రాణి కొన్నాళ్ళకు ఎరుపూ పసుపూ వదిలేస్తుంది. సీసాలోని ప్రాణికి నిన్న లేదు, రేపు లేదు. రంగు మారుతుందా అని దాన్ని అడిగితే ఏం చెబుతుంది? రెండు సీసాల మీద రెండు చీటీలు అతికించాక, ఆ రెంటినీ కలపడానికి ఇంకో మనిషి పుట్టాలి.

అలా కలిపినవాళ్ళలో ముఖ్యుడు సైమన్ హెన్రీ గేజ్. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే ఊళ్ళో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి ఆచార్యుడు. సూక్ష్మదర్శిని విద్యలో దిట్ట. ఆయనకంటే ముందే కొందరికి ఈ రెండూ ఒకటేమోనని అనుమానం వచ్చింది. ఎర్రదాన్ని తెచ్చి నీళ్ళలో ఉంచితే రంగు మార్చడం గమనించినవాళ్ళూ ఉన్నారు. కాని గుడ్డు మొదలు ముసలితనం దాకా వరుస తప్పకుండా కథ చెప్పడం వేరు. గేజ్ 1891లో ఆ జీవిత చరిత్రను అచ్చు వేశాడు. ఆయన భార్య సుసానా ఫెల్ప్స్ గేజ్ కూడా శాస్త్రజ్ఞురాలే. రెండేళ్ళ తర్వాత ఆమె అదే న్యూటు మెదడు పిల్లప్పటి నుంచి పెద్దయ్యేదాకా ఎలా మారుతుందో రాసింది. పెరటి గుంటలో దొరికే ఒక జంతువు కోసం ఆలుమగలిద్దరూ కూచున్నారన్నమాట.

కథ ఇదీ. వసంతంలో ఆడ న్యూటు నీటి మొక్కల ఆకుల మీద గుడ్లు ఒక్కొక్కటిగా అంటించిపోతుంది. కొన్ని వారాలకు పిల్లలొస్తాయి. మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలతో, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంటాయి. ఎండలు తగ్గి ఆకురాలు కాలం వచ్చేసరికి మొప్పలు కరిగిపోయి ఊపిరితిత్తులు వస్తాయి. ఒళ్ళు ఎర్రబడుతుంది. పిల్ల నీళ్ళు వదిలి అడవి దారి పడుతుంది. రెండేళ్ళో మూడేళ్ళో, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువో, పురుగూ పుట్రా తింటూ అక్కడే తిరుగుతుంది. ఒక వానాకాలపు రోజున దానికి మళ్ళీ నీటి మీద మనసు పుడుతుంది. చెరువు చేరేవేళకు ఎరుపు మాసి పాచిరంగు తిరుగుతూంటుంది. తోక పలచనవుతుంది. చర్మం నున్నబడుతుంది. ఇక మిగతా ఏళ్ళన్నీ నీటి కాపురమే.

మారనిది ఒకటుంది. వీపు మీది ఆ ఎర్రచుక్కలు. ఎఫ్ట్‌గా ఉన్నప్పుడు ఎలా ఉన్నాయో, పాచిరంగు వచ్చాకా అలాగే ఉంటాయి. మా మేనకోడలి కొడుకు మొదటి ఫోన్‌లోనే చెప్పిన గుర్తు అదే! ఒంటి రంగు వదిలేసి చుక్కల్ని చూసుంటే సందేహం ఏనాడో తీరేది.

మరి మధ్యలో ఈ ఎరుపు వేషం దేనికి? అడవిలో దాక్కోవలసిన చిన్న ప్రాణి నిప్పుకణికలా కనబడుతూ తిరగడమేమిటి? దాని చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంది. జపానువాళ్ళు జాగ్రత్తగా కోసి తినే ఫుగు చేపలో ఉండేది కూడా ఇదే. ఎర్ర ఎఫ్ట్ చర్మంలో ఈ విషం నీటిలోని పెద్దవాటికన్నా చాలా ఎక్కువ. నేల మీద నిదానంగా నడిచేదానికి పక్షుల నుంచి ప్రమాదం గదా. “నన్ను తింటే చస్తావు” అని ముందే చెప్పే బోర్డు ఆ ఎరుపు. అదే అడవుల్లో ఎర్ర సాలమాండర్ అనే ఇంకో ప్రాణి ఉంది, దానికి అంత విషం లేదు. ఎఫ్ట్ రంగును ఎరువు తెచ్చుకుని దాని పరువు మీద బతుకుతోందని శాస్త్రజ్ఞులంటారు. అమెరికా పశ్చిమ తీరంలో దీని బంధువు ఇంకా విషపుది. 1979లో ఒరెగాన్ రాష్ట్రంలో పందెం కాసి దాన్ని మింగిన యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. చేత్తో ముట్టుకుంటే ఏమీ కాదు గాని, ముట్టాక సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి.

రంగు మార్చే మంత్రం ఎక్కడిదో తర్వాత తెలిసింది. మొదటిసారి మొప్పలు పోగొట్టి నేలకు పంపేది థైరాయిడ్ హార్మోను. మళ్ళీ నీటికి లాగేది ప్రొలాక్టిన్. తల్లులకు పాలు పడేట్టు చేసే హార్మోనే అది. తల్లికి పాలూ, న్యూటుకు నీటి దాహమూ ఒకే సీసాలోంచి! అయితే చోటును బట్టి పద్ధతి మారుతుంది. న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో నోబుల్ అనే ఆయన ఉండేవాడు. 1926లో ఆయన లాంగ్ ఐలండ్ న్యూట్ల మీద ఒక వ్యాసం రాశాడు. ఆ ఇసుక దీవిలో చాలావాటికి ఎరుపు దశే లేదు. పిల్లలు అడవి వాసం మానేసి నీళ్ళలోనే పెద్దవైపోతాయి.

ఇదే నోబుల్, ఇదే 1926లో, రంగు గురించి ఇంకో వ్యాసం రాశాడు. దాని వెనక ఒక మనిషి ప్రాణం పోయింది.

వియన్నాలో పౌల్ కామ్మెరర్ అనే జంతు శాస్త్రజ్ఞుడుండేవాడు. సాలమాండర్లనూ కప్పలనూ పెంచడంలో చెయ్యి తిరిగినవాడు. యూరప్ అడవుల్లో న్యూటుకు దాయాది అయిన ఫైర్ సాలమాండర్ ఉంది, నల్లటి ఒంటి మీద పచ్చటి మచ్చలు. పసుపు మట్టి మీద పెంచితే మచ్చలు పెరుగుతాయనీ, నల్లమట్టి మీద పెంచితే తగ్గుతాయనీ, ఆ మార్పు పిల్లలకు కూడా వస్తుందనీ ఆయన ప్రకటించాడు. తండ్రి సంపాదించింది కొడుక్కి రక్తంలోనే వస్తుందన్నమాట. పెద్ద మాట అది! నేల మీద జతకట్టే ఒక రకం కప్పను తరతరాలుగా నీళ్ళలో ఉంచితే, మగవాటి చేతుల మీద నీటి కప్పలకుండే నల్లటి గరుకుమెత్తలు వచ్చాయని కూడా అన్నాడు. 1923లో కేంబ్రిడ్జ్ వెళ్ళి ఉపన్యాసం ఇచ్చాడు. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు పళ్ళు నూరారు.

యుద్ధం తర్వాత కామ్మెరర్ దగ్గర ఆ కప్పల్లో మిగిలింది సీసాలో ఒక్కటే. నోబుల్ వియన్నా వెళ్ళి దాన్ని పరీక్షించాడు. మెత్తల జాడ లేదు. చేతి మీది నలుపు సిరా! 1926 ఆగస్టు 7వ తేదీ ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి వచ్చింది. ఏడు వారాలు తిరక్కుండా, సెప్టెంబరు 23న, కామ్మెరర్ ఒక కొండదారిలో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఆ సిరా పని తనది కాదని ఉత్తరం రాసిపెట్టి మరీ పోయాడు. ఎవరు పూశారో ఈనాటికీ తేలలేదు. ఆర్థర్ కోస్లర్ 1971లో ఆయన పక్షాన ఒక పుస్తకమే రాశాడు. ఆ గొడవలో ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పలేను. ఒక్కటి మాత్రం తోస్తుంది. ఎన్నో ఏళ్ళు బతికున్న జంతువులతో కాపురం చేసిన మనిషి, చివరికి సీసాలోని ఒక చచ్చిన కప్ప చేతిరంగు మీద తన పరువంతా నిలబెట్టుకోవలసి వచ్చింది. అది నిలబడలేదు.

ఇక రంగు కలిసి మోసపోయిన కథ. ఇది మన దేశానిదే. దార్జిలింగ్ కొండల నుంచి ఈశాన్య రాష్ట్రాల దాకా న్యూట్లున్నాయి, ముదురు గోధుమ రంగువి, వీపున రెండు వరుసల బుడిపెలవి. అక్కడివాళ్ళు చెరువును పోఖ్రి అంటారు. దార్జిలింగ్ దగ్గర జోర్‌పోఖ్రి అనే చోట వీటికోసం చిన్న అభయారణ్యం కూడా ఉంది. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఆండర్సన్, చైనా యున్నాన్ ప్రాంతంలో దొరికిన ఇలాంటి న్యూటును 1871లో వర్ణించాడు. హిమాలయాల్లోదీ అదేనని అందరూ ఒప్పేసుకున్నారు. చూపుకు అలాగే ఉంది మరి. నూట నలభై ఏళ్ళు పైగా ఆ లెక్కే సాగింది. 2015లో తూర్పు నేపాల్ న్యూట్ల జన్యువుల్ని పోల్చి చూస్తే, ఇది వేరే ప్రాణి అని తేలి దానికి హిమాలయం పేరే పెట్టారు. అమెరికాలో రెండనుకున్నవి ఒకటయ్యాయి, మన కొండల్లో ఒకటనుకున్నది రెండైంది. రంగు రెండుచోట్లా ఒకే రకం సాక్ష్యం చెప్పింది, అబద్ధం.

అలాగని రంగును చూడొద్దని కాదు. ఏం చూస్తున్నామో తెలిసి చూడాలి. న్యూటు చర్మంలో రంగు కణాలు మూడు రకాలు. ఒకటి నలుపుది, ఒకటి పసుపు, ఎరుపులది, ఒకటి వెలుతుర్ని అద్దంలా తిప్పికొట్టేది. ఈ మూటి పాళ్ళు మారితే రంగు మారుతుంది. నలుపు పుట్టుకతోనే లేకపోతే ఒళ్ళు వెలవెలబోయి కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఒళ్ళు పాలిపోయి కళ్ళు మాత్రం నల్లగా ఉంటే అది ఇంకో రకం లోపం. ఇవి అరుదు. మామూలుగా గుంటలో కనబడే తేడాలకు కారణం వయసో, ఋతువో, ఆడామగా తేడానో అవుతుంది. అందుకే ముందు మొప్పలున్నాయా చూడాలి, ఉంటే అది పిల్ల. తర్వాత తోక గుండ్రమా పలచనా, చర్మం గరుకా నునుపా. వసంతంలో మగదైతే వెనక కాళ్ళు లావుగా, తొడల లోపలివైపు నల్లటి గరుకుపట్టీలతో ఉంటుంది. తర్వాత వీపు మీది చుక్కలు. ఒంటి రంగు అన్నిటికన్నా చివర. ఇదంతా ఫోన్‌లో చెబితే మా కుర్రవాడు విని, “అయితే ఎర్రది గుంటకి ఎప్పుడొస్తుంది?” అన్నాడు. శాస్త్రం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎందుకంటే ఇది పేర్ల తగాదాతో పోయేది కాదు. ఎర్రదీ పచ్చదీ వేరనుకున్న మనిషి, గుంట పదిలంగా ఉంది గదా అని పక్కన తోపు కొట్టించేస్తాడు. లేదా తోపు అందంగా ఉంది గదా అని దోమలు పెరుగుతున్నాయంటూ గుంట పూడ్పిస్తాడు. రెంటిలో ఏది చేసినా రెండు రంగులూ పోతాయి, కాకపోతే కొన్నేళ్ళు ఆగి పోతాయి. ఆనాటి తప్పుకు ఫలితం ఆనాడే కనబడదు కాబట్టి, ఎవరి తప్పో కూడా ఎవరికీ తెలియదు. చెరువుకూ చెట్లకూ మధ్య ఆ నాలుగు గజాల తడినేల ఉండాలి. ఆ దారినే అది పిల్లగా వెళ్ళి పెద్దదై తిరిగొస్తుంది.

రాఫినెస్క్ 1840లో ఫిలడెల్ఫియాలో పేదరికంలో కన్నుమూశాడు. తాను పేరుపెట్టిన రెండు ప్రాణులూ ఒకటేనని తెలియకుండానే పోయాడు. ఆ తర్వాత న్యూటు పేరు పండితుల చేతుల్లో ఎన్నోసార్లు మారింది. చివరికి స్థిరపడ్డ శాస్త్రీయ నామం ‘నోటాఫ్తాల్మస్ విరిడెసెన్స్’. ఇంటిపేరు ఆయన ఎర్రదానికిచ్చింది, పేరు ఆయన పచ్చదానికిచ్చింది. వీపున కళ్ళున్నది, పచ్చబడుతున్నది. తెలియకుండానే ఆ మనిషి దాని జీవితమంతా రెండు మాటల్లో రాసిపెట్టి పోయాడు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడమే ఆలస్యమైంది.